ల్యాప్‌టాప్‌కు బొట్టు

ఆ ఉదయం త్రివేణి టీచర్ అనుకున్నది చాలా చిన్న పని. చిక్కడపల్లి సందులోని ఆమె ప్రాథమిక పాఠశాలకు ఐదు కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. పదకొండింటికి విద్యాశాఖ అధికారి విద్యాసాగర్ గారు వీడియోలో చూస్తారు. ఒక్క పిల్లైనా తన పేరు టైపు చేసి చూపించాలి. లేకపోతే, వాడుకోవడం రాని బడికి ఇవెందుకంటూ గాంధీనగర్ బడికి పంపేస్తారు.

చిక్కంతా ఆమె నిన్న అన్న మాటతో వచ్చింది. పిల్లలు ఎక్కడ పడేస్తారోనన్న భయంతో, "ఇది సరస్వతీదేవి. భక్తిగ చూసుకోవాలె" అంది. నాలుగో తరగతి ఆ మాటను పొల్లు పోకుండా నమ్మింది. అందరూ చెప్పులు బయట విడిచి వచ్చారు. మూత తెరవగానే తెర మీద వెలుగు రావడం చూసి నోళ్లు తెరిచి, చేతులు జోడించారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! కానీ ఒక్కరూ వేలు పెట్టరే!

"అంబికా, నువ్వు నొక్కు బిడ్డా."

"అమ్మో, కళ్లు పోతయి టీచర్!"

ఇంతలో అంబిక తల్లి బాలనాగమ్మ వచ్చింది. పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఇళ్లు కట్టే పనికి పోయే మనిషి, ఆ పూట కూలి మానుకుని మరీ వచ్చింది. వెనకే బస్తీ తల్లులు. చేతుల్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, అగరువత్తులు.

"కొత్త సామాను టీచరమ్మా. పూజ జెయ్యకుండ పోరగాండ్లు ఎట్ల ముట్టుకుంటరు? స్కూటర్‌కు జెయ్యమా, గ్రైండర్‌కు జెయ్యమా?"

ఇంట్లో ఫ్రిజ్జుకు పసుపు రాసిన త్రివేణి ఏమని కాదంటుంది? పూజయ్యాకైనా పిల్లల భయం తీరుతుందేమోనని ఆశపడింది.

బొట్టు పెట్టడానికి ల్యాప్‌టాప్‌కు నుదురెక్కడని బాలనాగమ్మ వెతికింది. తెర పైన, సరిగ్గా మధ్యలో, చిన్న గుండ్రటి చుక్క కనిపించింది. తయారుచేసినవాళ్లే గుర్తు పెట్టి పంపారనుకుని తడి కుంకుమ నిండుగా అద్దింది. అది కెమెరా అని ఆ గదిలో తెలిసిన ఒకే ఒక్క మనిషి త్రివేణి, మిగతా ల్యాప్‌టాప్‌ల మీద కొబ్బరినీళ్లు పడకుండా అటు పక్కన కొంగు అడ్డం పట్టి నిలబడి ఉంది.

పదకొండింటికి ఆ బొట్టు పెట్టిన ల్యాప్‌టాప్‌కే కాల్ వచ్చింది; త్రివేణి గబుక్కున బటను నొక్కి మళ్లీ అటు తిరిగింది. విద్యాసాగర్ గారికి అంతా ఎర్రగా కనిపించింది. అగరుపొగకు దగ్గులు, కాయలు ఫటఫట పగలడం వినిపించాయి.

"మేడం! ఏమైతుంది అక్కడ?"

త్రివేణికి జవాబిచ్చే తీరికెక్కడిది? హారతి పళ్లెం పిల్లల తలల మీదుగా వస్తోంది. "మంట! మంట! పిల్లల్ని జరపండి, అంటుకుంటది!"

విద్యాసాగర్ గారు మంచి మనిషి. వెంటనే ఫైరింజన్‌కు ఫోన్ చేసి, తానూ కారెక్కారు.

సైరన్ సందులోకి రానే వచ్చింది. ఫైర్‌మన్లు పైపు లాగుతూ, "అందరు బయటికి నడువుండ్రి! నీళ్లు కొడ్తున్నం!" అని అరిచారు.

అప్పటిదాకా వేలు పెట్టని పిల్లలు నీళ్ల మాట వినగానే ల్యాప్‌టాప్‌లను గుండెలకు హత్తుకుని ఒకటే పరుగు. ఎదురుగా కిరాణాకొట్టు మెట్ల మీద కూర్చుని, మూతలు తెరిచి, పాడయ్యాయేమోనని ఒక్కో బటనూ నొక్కి చూశారు. అంబిక గౌను అంచుతో కుంకుమ తుడిచేసింది. టీచర్ తెరిచి ఉంచిన తెల్లటి పేజీలో ఒక అక్షరం పడింది. ఇంకొకటి వెతికింది. వెతికి వెతికి పూర్తి చేసింది.

చదువు రాని బాలనాగమ్మ వంగి చూసింది. "గదేంది బిడ్డా?"

"నేనే, అమ్మా."

తల్లి తెర మీది ఆ అక్షరాలను వేలితో తడిమింది. తన బిడ్డ పేరు అంత వెలుగులో ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మంట కోసం గదంతా గాలించి వచ్చిన ఫైర్‌మన్ హెల్మెట్ తీసి పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. త్రివేణికి కళ్లు చెమర్చాయి.

అప్పుడే కారు దిగిన విద్యాసాగర్ గారు మెట్ల నిండా టకటకలాడుతున్న వేళ్లను ఆశ్చర్యంగా చూశారు.

"ఇవి ఈడనే ఉండాలె. ఒక్క గంటల ఇంత ధైర్యం ఎట్ల నేర్పిండ్రు మేడం?"

త్రివేణి ఒకసారి ఫైరింజన్ వైపు చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన శ్రద్ధగా తలూపారు.

మర్నాడు ఆయన కింది బడులన్నింటికీ ఉత్తర్వు అందింది: కొత్త ల్యాప్‌టాప్‌లు తెరిచే రోజున విధిగా ఫైరింజన్‌ను పిలిపించవలెను.