జనవరి ఒకటి దాకా హాబ్సన్ గారు నిలబడాలి

అమెరికా అధ్యక్ష పదవికి ఒకానొక పార్టీ టికెట్ కోరుతూ పద్నాలుగు మంది బరిలోకి దిగారు. మిషిగన్ రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని తెలుగు తల్లులు వారిలో ఎవరికీ అన్యాయం జరగకుండా తమలో తాము పంచుకున్నారని ఇందుమూలంగా తెలియజేయడమైనది. తలో వంటకం తెచ్చుకునే పోట్‌లక్ విందులో ఈ పంపకం ప్రశాంతంగా ముగిసింది. పన్నెండో తరగతి పిల్లలంతా ఒకే అభ్యర్థికి పనిచేస్తే, కాలేజీ అప్లికేషన్‌లో 'యూత్ లీడర్' అని ఒక్కరే రాసుకోగలరు. మిగిలినవాళ్లు ఉత్త వాలంటీర్లు. ఉత్త వాలంటీర్లను పెద్ద కాలేజీలు గుమ్మం తొక్కనివ్వవని ప్రతీతి. అందుచేత పిల్లకో అభ్యర్థి. ఎవరి విధానాలేమిటని ఒక్కరూ అడగలేదు. ప్రజాస్వామ్యంలో ఇంతటి సామరస్యం అరుదు.

ఆ రోజు చంద్రికకు పులిహోర దగ్గర ఆలస్యమైంది. ఆమె వెళ్లేసరికి ముందువరుస అభ్యర్థులు అయిపోయారు. సర్వేల్లో మొదటి స్థానంలో ఉన్న సెనేటరమ్మను అనురాధ తన కొడుకు వినీత్ కోసం తీసేసుకుంది. చంద్రిక కూతురు నైనికకు మిగిలింది వాల్టర్ హాబ్సన్ అనే మాజీ గవర్నరు. ఆయన నిజాయితీపరుడు, అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాడు. కనుక ఒక శాతం దగ్గర ఉన్నాడు.

ఉన్నదాంట్లోనే సర్దుకునే మనిషి కాబట్టి చంద్రిక ఒక ఉపాయం ఆలోచించింది. ఓడిపోయే పక్షాన ధైర్యంగా నిలబడటం గురించి నైనిక వ్యాసం రాస్తుంది. ఇందులో ఒకటే ఇబ్బంది. అప్లికేషన్ల గడువు జనవరి ఒకటి. హాబ్సన్ గారు అక్టోబరులోనే తప్పుకుంటే, నిలబడటానికి పక్షమే ఉండదు.

"అమ్మా, హాబ్సన్ ఈజ్ లైక్, వన్ పర్సెంట్," అంది నైనిక. "నెక్స్ట్ డిబేట్‌కి త్రీ కావాలి. లేకపోతే డ్రాప్ అయిపోతాడు."

"ఎలా అవుతాడు? నీ అప్లికేషన్ సబ్మిట్ చేసేదాకా ఆయన్ని డ్రాప్ అవ్వనివ్వను," అంది చంద్రిక. ఆ మాటలో తల్లి మనసు తప్ప రాజకీయం లేదు.

ఆ వారంలోనే ఒక పుట్టినరోజు పార్టీలో దేశ రాజకీయాల మూలం ఆమెకు దొరికింది. ఆ మూలం పేరు వీరభద్రం గారు. కార్ల కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే అమెరికాలో ఎవరూ ఎత్తరు. ఆయన ఎత్తుతాడు. ఎత్తి, భోజనమైందా అని అడుగుతాడు. సర్వే సంస్థవాళ్లు అంతటి ఆదరణ ఎరగరు కాబట్టి ప్రతిసారీ ఆయనకే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఆ వయసు ఆసియా మగవాళ్లలో మరొకరు దొరక్కపోవడంతో, ఆయన ఒక్క మాటనే రాష్ట్రంలోని అలాంటివాళ్లందరి మాటగా లెక్కకట్టసాగారు. దీన్ని శాస్త్రం అంటారు.

"ఎవరికేస్తారండీ అని అడిగిందమ్మా ఆ సర్వే పిల్ల," అన్నాడాయన జిలేబీ తుంచుకుంటూ. "పొద్దున్నే మన వినీత్ వచ్చి వాళ్ల సెనేటరమ్మ గురించి చెప్పి వెళ్లాడు కదా. మొహమాటమేసి ఆవిడ పేరే చెప్పేశా."

మర్నాడు చంద్రిక గుత్తివంకాయ కూర తీసుకుని నైనికతో సహా వాళ్లింటికి వెళ్లింది. "బాబాయ్ గారూ, మా హాబ్సన్‌ని కొంచెం గుర్తుపెట్టుకోండి," అంది. "మీకు కాకపోతే ఇంకెవరికమ్మా," అన్నాడాయన. తర్వాతి సర్వేలో హాబ్సన్ గారు నాలుగు శాతానికి లేచారు. మధ్య పశ్చిమ రాష్ట్రాల కార్మికవర్గం పునరాలోచనలో పడిందని టీవీలో మేధావులు వివరించారు.

ఈ రహస్యం వాట్సాప్ గ్రూపులున్న ఊళ్లో ఎంతకాలం దాగుతుంది? అనురాధ బొబ్బట్లతో వెళ్లింది, సెనేటరమ్మ కోలుకుంది. ఎవరో నాటుకోడి పులుసు పంపారు, సోదిలో లేని ఒక వ్యాపారవేత్త మూడో స్థానానికి వచ్చాడు. వీరభద్రం గారు ఎవరినీ కాదనలేదు. ఆయన షుగర్ కూడా అభ్యర్థులతోపాటే లేచి పడుతూ వచ్చింది. చంద్రిక మాత్రం పట్టు సడలించలేదు. ప్రతి సర్వేకీ ముందు ఒక కూర, ఒక పచ్చడి. హాబ్సన్ గారు డిబేట్లన్నింటిలోనూ నిలబడ్డారు.

రాజకీయాలు చాలించి ఇంటికెళ్లి మనవలతో చేపలు పట్టుకుందామనుకున్న ఆ మనిషి, పాపం, మనసు మార్చుకున్నాడు. "మిషిగన్ ప్రజలు నా మాట విన్నారు," అని గద్గదంగా ప్రకటించాడు. "నన్ను నమ్మినవాళ్లను సగంలో వదిలి వెళ్లను."

డిసెంబరు ఆఖరి సాయంత్రం నైనిక అప్లికేషన్లు వెళ్లిపోయాయి. జనవరి మొదటివారంలో ట్రాయ్ ఇళ్ల ముందరి ప్రచార బోర్డులన్నీ చెత్తబండి ఎక్కాయి. వీరభద్రం గారింటికి కూరలు ఆగిపోయాయి. ఈసారి సర్వే పిల్ల అడిగినప్పుడు, ఇంకా ఏమీ అనుకోలేదమ్మా అన్నాడాయన. హాబ్సన్ గారు ఒక్కసారిగా కుప్పకూలారు. వాణిజ్య సుంకాల మీద ఆయన అన్న ఏదో మాటే కొంప ముంచిందని మేధావులు తేల్చారు. ఆ మాట ఏదై ఉంటుందా అని ఆయన చాలా రోజులు ఆలోచించాడు.

పార్టీ టికెట్ ఎవరికో తేల్చే ఫిబ్రవరి పోలింగులో, ఎవరూ వద్దనే గడికి పడినన్ని ఓట్లు కూడా ఆయనకు పడలేదు. చంద్రిక పౌరసత్వం తీసుకుని చాలా ఏళ్లయింది. వేద్దామనే అనుకుంది, కానీ ఆ రోజు మంచు కురిసింది. వీరభద్రం గారు వెళ్లాడు. అక్కడ ఎవరూ పలకరించలేదు, ఏమీ అడగలేదు. కాగితం మీద అన్నన్ని పేర్లలో ఒకరికి వేసి మిగతావాళ్లను నొప్పించడమెందుకని ఖాళీగా వేసి వచ్చాడు.

ఏప్రిల్‌లో నైనికకు కోరుకున్న కాలేజీలో సీటొచ్చింది. హాబ్సన్ గారు అభినందించడానికి స్వయంగా ఇంటికొచ్చారు. "ఓడినవాడి వైపు ఎవరూ చూడరు," అన్నారు సోఫాలో కూర్చుని. "మీ అమ్మాయి ఎందుకు నిలబడిందో నాకు తెలియదు. కానీ దేశం మీద నమ్మకం నాకు ఈ ఇంట్లో దొరికింది. ఇక రాజకీయాల నుంచి సెలవు తీసుకుంటాను."

చంద్రిక కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"అలా అనకండి సర్," అంది. "నాలుగేళ్ల తర్వాత మీరు మళ్లీ రన్ చేయాలి. ప్లీజ్, నాకు ప్రామిస్ చేయండి."

ఆమె రెండో సంతానం సాత్విక్ ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఈ వివరం గవర్నరు గారికి చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

హాబ్సన్ గారు ఆమె రెండు చేతులూ పట్టుకుని మాటిచ్చారు. ప్రజల ఒత్తిడి మేరకు మళ్లీ పోటీ చేస్తున్నట్టు మర్నాడే ప్రకటించారు. కావున, ఎనిమిదో తరగతి పిల్లలున్న పాఠకులు వేరెవరినైనా చూసుకోవలసిందిగా మనవి. ఆయన బుక్కయిపోయారు.