కొండగాలి శిక్ష

ఒక పెద్ద అడవిలో గాలిని కొలవడానికి ఒక ఆఫీసు ఉండేది. ఆఫీసంటే మరేం లేదు, ఒక రాతి అరుగు, ఒక పలక, ఒక ఎండిన ఆనపకాయ బుర్ర, చిట్టెన్న అనే కుందేలు.

చిట్టెన్న నెలకోసారి కొండెక్కి అక్కడి గాలి బుర్రలో నింపి, మైనంతో మూత బిగించి తెచ్చేవాడు. రోజూ పొద్దున్నే ముందు బుర్రను, తర్వాత అడవి గాలిని వాసన చూసేవాడు. రెండింటికీ ఎంత తేడా ఉంటే అతని ముక్కు అన్నిసార్లు అదిరేది. ఆ అంకె పలక మీద రాసేవాడు. ఎప్పుడూ రెండో మూడో ఉండేది, ఎవరూ చూసేవారు కాదు.

పనిమంతుడే గానీ మహా పిరికివాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కార్యదర్శి నక్క అంటే, నాలుగో కాలు పొట్ట కింద మడుచుకుని కూర్చునే రకం.

ఆ ఏడు ఎలుగుబంటి వాగు పక్కన బొగ్గుబట్టీ పెట్టింది. సింహం గుహకి తేనె కుండ వెళ్ళింది, బట్టీకి అనుమతి వచ్చింది. వారం తిరక్కుండా పలక మీద అంకె నలభై అయింది. బట్టీకి ఆనుకునే చిట్టెన్న బొరియ. అతని భార్య పోలికి దగ్గు పట్టుకుంది.

"నలభై అని రాస్తే ప్రజలు కంగారుపడరూ?" అంది సింహం సభలో.

"బట్టీ మూయించండి ప్రభూ" అంది ముసలి దుప్పి.

"మూస్తే అభివృద్ధి ఏం కాను?" అంది ఎలుగుబంటి.

నక్క గొంతు సవరించుకుంది. "అంకె దిద్దితే అబద్ధమవుతుంది. ఆ పాపం మనకొద్దు. అసలు మన గాలిని ఎక్కడో కొండగాలితో పోల్చడమేమిటి? మన గాలికి మన గాలే ప్రమాణం. చిట్టెన్నా, ఇకమీదట బట్టీ పక్కనే బుర్ర నింపు. నీకూ కొండెక్కే శ్రమ తప్పుతుంది."

అది ఏం పనో చిట్టెన్నకి తెలుసు. తెలిసీ తన చేతులతోనే బుర్రలో పొగ నింపాడు. మర్నాడు బుర్ర వాసన చూశాడు, బయట వాసన చూశాడు. ముక్కు అదరలేదు. పలక మీద సున్నా పెట్టాడు.

"ఇవాళ ఎంతయ్యా?" అనడిగింది పోలి, పడుకున్న చోటి నుంచే.

"సున్నా."

"మరి నాకీ దగ్గు ఎక్కణ్ణించొచ్చింది?"

సిగ్గుతో చిట్టెన్న చెవులు వాలిపోయాయి.

అంతలో మూడు రోజులు ముసురు పట్టింది. బట్టీ ఆరిపోయింది. పోలి లేచి దగ్గకుండా గడ్డి తింది. నాలుగో పొద్దున చిట్టెన్న ముక్కు ఆగకుండా అదిరింది. నిబంధన ప్రకారం పలక మీద తొంభై రాశాడు.

అడవి గగ్గోలెత్తిపోయింది. కోతులు ముక్కులకి ఆకులు కట్టుకున్నాయి. సింహం అత్యవసర సభ పెట్టింది.

"గాలి పాడైపోయింది ప్రభూ" అంది నక్క. "బట్టీ వెంటనే వెలిగించాలి. ఇంకోటి కూడా పెడితే మరీ మంచిది."

సాయంత్రానికి అంకె సున్నాకి దిగింది. అందరూ దగ్గుతూ దగ్గుతూ ఊపిరి పీల్చుకున్నారు.

నక్క అక్కడితో ఆగలేదు. చిట్టెన్నని బుర్రతో సహా కొండ మీదికి తీసుకెళ్ళి కొలిపించింది. నూట పది. కొండ ప్రమాద ప్రాంతమని చాటింపు వేయించింది. గాలి బాగాలేదన్నవాళ్ళని కుటుంబంతో సహా అక్కడికే తోలేస్తామని చట్టం చేయించింది. ముందు ముసలి దుప్పిని తోలేశారు. ఏడుస్తూ వెళ్ళింది. నెల తిరిగాక కొండ అంచున కనబడింది, ఒళ్ళు నున్నగా నిగనిగలాడుతూ.

ఇక్కడ పోలి మళ్ళీ మంచం పట్టింది. వైద్యుడు తాబేలు నాడి చూసి, కొండగాలి తగిలితే తప్ప బతకదని చెప్పింది. చిట్టెన్న నక్క కాళ్ళ మీద పడ్డాడు.

"అయ్యా, మా ఆడదాన్ని కొండకి తీసుకుపోనివ్వండి."

"బుద్ధుందా నీకు? నూట పది గాలిలోకి రోగిని పంపమంటావా? అది తప్పు చేసినవాళ్ళ చోటయ్యా."

ఉద్యోగంలో చేరాక ఒక్క తప్పూ చేయలేదని చిట్టెన్నకి మంచి పేరు. ఆ పేరే ఇప్పుడు పెళ్ళాం పీక మీదికి వచ్చింది.

మర్నాడు సభలో నాలుగు కాళ్ళ మీదా నిలబడ్డాడు.

"ప్రభూ, ఆ బుర్రలో ఉన్నది పొగ. పొగని పొగతో పోల్చి సున్నా రాస్తున్నాను. ఈ గాలికి నా పోలి చచ్చిపోతోంది."

సింహం దగ్గింది. నక్క దగ్గింది. దగ్గు ఆగాక తీర్పు చెప్పారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ కొండ.

కొండ మీద మూడో రోజుకి పోలి లేచి పచ్చిక కొరికింది. చిట్టెన్న పక్కకి తిరిగి ఏడ్చాడు.

ఆ సంగతి కింద తెలిసింది. ఇక అడవిలో నేరాలు పెరిగిపోయాయి. కోతులు వరసగా వచ్చి గాలి బాగాలేదని అరిచి, శిక్ష వేయించుకుని, పిల్లల్ని పొట్టకి కరిపించుకుని బయల్దేరాయి. వాటి వెనకే ఏనుగులు, వాటి వెనక తాబేలు. చివరికి ఎలుగుబంటి కూడా ఆ ఒక్క మాటా అనేసి కొండెక్కింది.

కింద ఇద్దరే మిగిలారు. గాలి మళ్ళీ పాడైపోతుందేమోనని నక్కే స్వయంగా బట్టీలోకి కట్టెలు తోస్తోంది. సింహానికి ఆయాసం ఎక్కువైంది.

"కార్యదర్శీ, నేనూ ఆ మాట అనేస్తే?"

"అనండి ప్రభూ" అంది నక్క కళ్ళు తుడుచుకుంటూ. "కానీ మిమ్మల్ని శిక్షించే అధికారం ఈ అడవిలో ఎవరికుంది?"

నీతి: నిజం చెప్పినవాడికి శిక్ష తప్పదు, ఆలస్యం చేస్తే అదీ దొరకదు.