ఫ్యాను కింద బాధ

ఆ ఉదయం శ్రావణ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి, ట్యూషన్ సెంటర్లు నడిపే సంస్థ బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి రాజకుమారి మేడం తనిఖీకి వచ్చేలోపు భిన్నాలు పిల్లల తలకెక్కించాలి. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటూ, చదువులో వెనకబడ్డ బస్తీ పిల్లలకు కమ్యూనిటీ హాల్లో పాఠాలు చెబుతున్నాడతను. నిన్న ఎనిమిది మందీ ఒక్క గొంతుతో, ఎనిమిదో వంతుకన్నా తొమ్మిదో వంతే పెద్దదని తేల్చేశారు. ఇవాళ కూడా అదే మాటంటే సెంటరు మూసేస్తానని మేడం ముందే చెప్పేసింది.

దీనికి తోడు ట్రైనింగులో ఆవిడే నేర్పిన కొత్త పద్ధతొకటి. గదిలో ఓ మూల చాప వెయ్యాలి. దాని పేరు శాంతి మూల. కోపమో బాధో వచ్చిన పిల్లలు అక్కడ కూర్చోవచ్చు, ఎందుకని అడగకూడదు. హాల్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను ఆ మూలనే తిరుగుతుందన్న సంగతి మాత్రం ట్రైనింగులో రాలేదు.

బోర్డు మీద భిన్నం పడగానే బబ్లూ లేచాడు.

"సార్, బాధైతుంది."

"ఏమైందిరా?"

"అడగొద్దు కద సార్!"

వాడు వెళ్లి ఫ్యాను కింద కాళ్లు బారజాపాడు. "బబ్లూగాడు ఆడికి పోయిండని నాకు కోపమొస్తుంది సార్," అంటూ మనీష వెళ్లింది. మిగతా ఆరుగురికీ ఎవరి దుఃఖం వాళ్లకు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. శ్రావణ్ ఖాళీ బెంచీలకు లవం, హారం వివరిస్తూ నిలబడ్డాడు.

కాసేపటికే శాంతి మూలలో శాంతి పోయింది. మనీష సుద్దముక్కతో చాప మీద ఎనిమిది గళ్లు గీసింది.

"రెండు గళ్లల్ల పండినవేందిరా? పావు చాప నీ ఒక్కనికేనా?" అని బబ్లూను తోసింది.

అంతలో బబ్లూ తల్లి నర్సింహమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చి, "అబ్బ, గాలి సల్లగుంది బిడ్డా," అంటూ చాప మీద కూలబడింది.

బబ్లూ లబోదిబోమన్నాడు. "లేవే అమ్మా! నువ్వు కూసుంటే తలా తొమ్మిదో వంతే వస్తది. ఎనిమిదో వంతుకన్నా చిన్నగైతది!"

శ్రావణ్ తన చెవులను తానే నమ్మలేదు. గుమ్మంలో చెమటలు తుడుచుకుంటున్న రాజకుమారి మేడం మాత్రం నమ్మింది.

"సెంటర్ మూసేది లేదు శ్రావణ్! ఆ మెట్లెక్కినప్పటి సంది నాకు గూడ జర బాధగనే ఉంది," అని ఆవిడా వెళ్లి చాప మీద కూర్చుంది. మనీష ఎందుకని అడక్కుండా గళ్లు చెరిపి పది గీసింది.

సంతోషంతో శ్రావణ్ కళ్లు తడిశాయి. చొక్కా అంతకుముందే తడిసింది.

"నేను గూడ జర కూసుంటనురా," అన్నాడు ఆశగా.

"పదకొండో వంతైతే ఎవ్వరికి సాలది సార్. మీరు బోర్డు కాడనే బాధపడుండ్రి," అన్నాడు బబ్లూ.

లెక్కలో తప్పు లేదు కాబట్టి శ్రావణ్ చెమట తుడుచుకుని బోర్డు దగ్గరికి తిరిగి వెళ్లాడు.