పద్నాలుగు ముళ్లు

హేమచంద్ పదిహేను అడుగుల ఎత్తున తాడుకు వేలాడటం మొదలై ఇరవై నిమిషాలు దాటింది. పైకి పోయే వీలు లేదు. కిందికి దిగే వీలూ లేదు. కింద సముద్రం పోటు మీదుంది. ఈ పరిస్థితుల్లో షూర్ నదీతీర తెలుగు సమాఖ్య కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై, మొదట జ్యోతి ప్రజ్వలన చేయాలని తీర్మానించింది. ఐర్లండ్ గాలికి జ్యోతి వెలగలేదు. వెలిగినట్టు భావించి తర్వాతి అంశానికి వెళ్లారు.

తర్వాతి అంశం, దీనికి బాధ్యులెవరు అన్నది.

ముందు జరిగింది చెప్పాలి. వాటర్‌ఫోర్డ్ తీరంలో ఒక చిన్న ఇసుక మలుపు, దాని వెనక ఇరవై ఐదు అడుగుల రాతి గోడ. మా సమాఖ్య చరిత్రలో తొలిసారిగా ఆరుబయట కొండ ఎక్కడానికి నలభై మందిమి పేర్లిచ్చాం. మా సభ్యుల్లో పదకొండుమంది డాక్టర్లు. కొండ కనబడగానే వారు ఒకరి మోకాళ్లకు ఒకరు సర్టిఫికెట్లు రాసుకున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల మోకాళ్లకు సేవాభావంతో రాసిచ్చారు. మత్తు డాక్టరు హేమచంద్ రాత్రి డ్యూటీ ముగించి నేరుగా వచ్చి కారులో కునుకు తీస్తున్నందువల్ల అతని మోకాళ్ల సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. అతను లేచి ఒళ్లు విరుచుకునేసరికి ఆ తీరంలో ఆరోగ్యవంతుడైన తెలుగువాడు అతనొక్కడే మిగిలాడు. హెల్మెట్ మీదే బొట్టు పెట్టి పంపాం.

అతని నడుముకు కట్టిన తాడు కొండ నెత్తిన ఉన్న ఇనుప కొక్కెంలోంచి తిరిగి, కింద నిలబడ్డ ఈఫా చేతికి వస్తుంది. ఈఫా కొండలెక్కడం నేర్పే ఐరిష్ అమ్మాయి. ఆమె తాడు పట్టుకుంటే మనిషి ఆగుతాడు, మెల్లగా వదిలితే మెల్లగా దిగుతాడు. శాస్త్రమంతా ఇంతే. హేమచంద్ చక్కగా ఎక్కుతున్నాడు. పదిహేను అడుగుల దగ్గర, ఫొటో కోసం ఆగమని అందరం కేకలేశాం. ఆగాడు. వెంటనే మేమందరం కొండకు వీపు తిప్పి సెల్ఫీలు మొదలుపెట్టాం.

సరిగ్గా ఆ సమయంలోనే కొండ నెత్తి నుంచి ఫ్లెక్సీ బ్యానర్ ఒకటి జారి, తెర పడ్డట్టు విచ్చుకుంది. అందులో కార్యవర్గం తొమ్మిదిమంది ముఖాలు, నమస్కారాలతో సహా ఉన్నాయి. చూసి ముగ్ధులమై చప్పట్లు కొట్టాం.

"ఎవరో బ్యానర్‌ని నా తాడుకే కట్టేశారు," అంది ఈఫా. "తాడు కదలట్లేదు. నేను చెయ్యి వదిలి వెళ్లడానికి లేదు. కట్టినవాళ్లు పైకెళ్లి విప్పేయండి. మిగతాదంతా గ్రాండ్."

గ్రాండ్ అంటే ఐరిష్ వాళ్లకు బాగానే ఉందని అర్థం. మిగతాదంటూ ఏమీ లేదు. అయినా ఆమె మర్యాదస్తురాలు.

ఎవరూ కదలలేదు. కొండ వెనక నుంచి గొర్రెల బాట ఉంది, నెత్తికి చేరడానికి మూడు నిమిషాలు. కానీ విప్పడానికి వెళ్లినవాడే కట్టినవాడని తేలిపోతుంది. మిగతా ముప్పై తొమ్మిది మందిమీ ఉన్నచోటే నిలబడి మా నిర్దోషిత్వాన్ని కాపాడుకున్నాం.

అధ్యక్షుడు డాక్టర్ లక్ష్మీకాంతం గారు విచారణ సంఘాన్ని ప్రకటించి, దానికి తానే అధ్యక్షత వహించడానికి దయతో అంగీకరించారు. కోశాధికారి నతానియేల్ ఒక ఆలోచన చెప్పాడు. ఆ సమయంలో తీసిన ఫొటోలన్నీ చూస్తే పైకెళ్లింది ఎవరో దొరుకుతారు కదా. వెంటనే ఆరువందల పన్నెండు ఫొటోలు పరిశీలించారు. ప్రతి ఫొటోలోనూ అది తీసుకున్నవారే ఉన్నారు. రెండో మనిషి అన్న జాడే లేదు.

లక్ష్మీకాంతం గారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా, ఈ దుశ్చర్య వెనక ఎంతటివారున్నా వదిలే ప్రసక్తి లేదు. ఈ రోజు మన జాతి సహనానికి పరీక్ష. సోదరుడు హేమచంద్ మనందరినీ ఎత్తులో నిలిపాడు."

"సార్, ముందు నన్ను దింపండి," అన్నాడు హేమచంద్ పైనుంచి.

"వేదిక మీద లేనివారు మధ్యలో మాట్లాడకూడదు," అన్నారు సాంస్కృతిక కార్యదర్శి గిరీష్.

నీళ్లు ముందు వరస కుర్చీల కాళ్లు తాకాయి. కార్యవర్గం లేచి వెనక్కి వెళ్లి కూర్చుంటే సరిపోయేది. కానీ అప్పుడు వెనక వరస వారు ముందు వరస వారవుతారు, అది నియమావళికి విరుద్ధం. కాబట్టి నాలుగు వరసలూ క్రమం చెడకుండా ఆరడుగులు వెనక్కి జరిగాయి. ఇందుకు ఏడు నిమిషాలు పట్టింది. ఈఫా మాత్రం జరగలేదు. పిక్కల దాకా నీళ్లలో తాడు పట్టుకునే నిలబడింది.

"ఇంకో పది నిమిషాలు చూస్తాను," అంది. "తర్వాత కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చేయాల్సిందే. మీరైనా సరే, నేనైనా సరే."

"పేపర్లో పడుతుంది. పరువు పోతుంది," అన్నారు అధ్యక్షులు.

"ఫొటో వేస్తారా?" అడిగాడు గిరీష్.

"వేస్తారు."

"బ్యానర్ కూడా పడుతుందా?"

ఆ మాటతో కార్యవర్గంలో నలుగురు కోస్ట్‌గార్డ్ వైపు మొగ్గారు.

ప్రధాన కార్యదర్శి ఊర్మిళ హేమచంద్ భార్య. వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నేను చెడగొట్టలేదని అందరూ ప్రమాణం చేసే ఆఫీసులో, చెడగొట్టింది ఎవరో కనిపెట్టడం ఆమె రోజువారీ పని. ఆమె బ్యానర్ కేసే చూస్తోంది.

గాలికి చిరగకుండా ఫ్లెక్సీలకు అక్కడక్కడా కోతలు పెట్టడం మనకు తెలిసిందే. ఇక్కడ ఆ కోతలు ముఖాలకు ముక్కుల కింద పెట్టారు. ఎనిమిదిమంది ముక్కుల్లోంచి గాలి ఈలలు వేస్తూ పోతోంది. తొమ్మిదో ముఖానికి ఎవరో కత్తి తగలనివ్వలేదు. ఆ ముఖం మాత్రం గాలికి పూరీలా ఉబ్బి, హేమచంద్ హెల్మెట్ మీద టపటపా కొడుతోంది.

అది లక్ష్మీకాంతం గారిది.

కోతలు పెట్టి కట్టినవాడెవరో ఊర్మిళకు అర్థమైంది. కానీ విచారణ సంఘం అధ్యక్షుణ్ణి విచారణ సంఘం అనుమతి లేకుండా అనుమానించే వీలు నియమావళిలో లేదు. ఆమె తల పైకెత్తింది.

"ఏవండీ, కాళ్లు ఎలా ఉన్నాయి?"

"ఉన్నట్టు తెలియట్లేదు ఊర్మిళా."

"ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకోండి. వందన సమర్పణ చేసేస్తాను."

"ఇప్పుడా? నేను దిగాక చేసుకోకూడదూ?"

"అది చేస్తేనే మీరు దిగేది."

ఆమె మైకు తీసుకుంది. సంచిలోంచి ముఖ్య అతిథి కోసం తెచ్చిన ఎర్రంచు శాలువా తీసి అందరికీ కనిపించేలా పట్టుకుంది.

"చివరిగా ఒకరికి కృతజ్ఞతలు చెప్పాలి. ఇంత గాలిలో, ఎవరి సాయమూ లేకుండా కొండ నెత్తికెళ్లి, మన సమాఖ్య పేరు సముద్రానికి కనబడేలా బ్యానర్ కట్టిన మహానుభావుడు ఒకరున్నారు. వారు పేరు కోరుకోలేదు. కానీ ఈ శాలువా వారికే చెందాలి."

వెంటనే తొమ్మిది చేతులు లేచాయి. అరగంటకు పైగా నేరం చేసినవాడు ఒక్కడూ లేని ఆ తీరంలో తొమ్మిదిమంది మహానుభావులు తేలారు. తొమ్మిదో చెయ్యి నాది. శాలువా నిజంగా బాగుంది, మీరున్నా ఎత్తేవారు.

"ఎన్ని ముళ్లు వేశారు?" అడిగింది ఊర్మిళ.

"రెండు. పోనీ, మూడు," అన్నాడు గిరీష్.

"ప్రభువు వేయించినన్ని వేశాను. లెక్కపెట్టుకోలేదమ్మా," అన్నాడు నతానియేల్.

అధ్యక్షుల కుర్చీ వెనక్కి పడింది. అప్పటిదాకా చెయ్యెత్తకుండా నిగ్రహించుకున్న లక్ష్మీకాంతం గారు లేచి నిలబడ్డారు.

"మూడు ముళ్లకు ఈ గాలిలో ఆగుతుందయ్యా? పద్నాలుగు వేశాను. గొర్రెల మధ్యలోంచి పాక్కుంటూ వెళ్లి వేశాను. పైన కట్టడానికి ఏమీ దొరక్కపోతే, ఊరికే పడున్న తాడు ఒకటి కనిపెట్టింది కూడా నేనే. కష్టం నాది, శాలువా వీళ్లకా?"

"మీరేనని తెలీదు సార్," అంది ఊర్మిళ వినయంగా. "వెళ్లి విప్పేయండి, నీళ్లొచ్చేస్తున్నాయి."

"వెళ్తానమ్మా. ముందు మైకులో పేరు చెప్పు. ఇంటిపేరుతో చెప్పు. అధ్యక్షుల వారు అని ఊరుకోవద్దు, రేపొద్దున ఇంకో అధ్యక్షుడొస్తాడు."

ఊర్మిళ మైకు నొక్కింది. తడిసిన మైకు పలకలేదు. లక్ష్మీకాంతం గారు కదలలేదు. ఈఫా మోకాళ్లు మునిగాయి. చప్పట్లకు సిద్ధంగా మేమందరం చేతులెత్తి ఉంచాం. ఈఫా చేతులొక్కటే ఖాళీగా లేవు.

అప్పుడు కాళ్లు తిమ్మిరెక్కిన హేమచంద్, టపటపా కొడుతున్న ఆ బుగ్గను రెండు చేతులతో పక్కకు నెట్టి, తీరమంతా వినబడేలా అరిచాడు.

"నన్ను ఇక్కడ కట్టేసింది మన అధ్యక్షులు, డాక్టర్ చింతలపాటి లక్ష్మీకాంతం గారు!"