చింతగుంపు ఇంటర్నేషనల్ స్కూలు

ఇంటర్నేషనల్ స్కూలంటే ఊటీలోనో డెహ్రాడూన్‌లోనో ఉంటుందనుకుంటున్నారా? ఆ భ్రమ వెంటనే వదిలించుకోండి! ఖమ్మం జిల్లాలో జూలూరుపాడు దాటి అడవిలోకి పోతే చింతగుంపు వస్తుంది. అక్కడుంది. గడ్డి కప్పు, మట్టి గోడలు, తలుపుకో తాళం. మాస్టారు మాత్రం జాంబియాలో!

పిల్లలు ఒక ఖండంలో, పంతులు మరో ఖండంలో. ఇంతకంటే అంతర్జాతీయం ఏముంటుంది, చెప్పండి?

ఆ మాస్టారు చెంచురామయ్య గారిది బోనకల్ దగ్గర కలిగిన రైతు కుటుంబం. లెక్కల్లో దిట్ట. డెబ్బై తొమ్మిదిలో ఆయన్ని చింతగుంపులో వేశారు. పోయారు, జాయినయ్యారు, దోమల్ని చూశారు, జాంబియాలో టీచరు ఉద్యోగానికి అప్లై చేశారు. అక్కడ దోమలుండవా అని అడక్కండి. అవి ఫారిన్ దోమలు!

పోతూ పోతూ రాజీనామా చేశారా? ఆయనకేం వెర్రా! లాంగ్ లీవ్ పెట్టారు. పోస్టు ఆయన పేరిటే ఉంది కాబట్టి ఖాళీ లేదు. ఖాళీ లేదు కాబట్టి మరొకరిని వేయరు. రిజల్ట్స్ మాటంటారా? ఆ బడిలో నేటికీ ఒక్కరూ ఫెయిల్ కాలేదు. బెత్తం దెబ్బలు లేవు, ట్యూషన్ల బెడద లేదు. ఖమ్మంలో ఏ కాలేజీకైనా ఉందా ఈ రికార్డు?

చింతగుంపు వాళ్లు మాత్రం వట్టి అమాయకులు. సారు సెలవులో ఉన్నాడంటే ఇవాళో రేపో వస్తాడనే అర్థం చేసుకున్నారు. ఏటా వానలకు ముందు బడికి కొత్త గడ్డి కప్పి, నేల అలికి పెడుతున్నారు. అందరికంటే తొందర భీమక్కది. భద్రాచలం హాస్టల్లో చేర్చుకోవాలంటే ఆమె కూతురు గోరికి చదవడం, రాయడం రావాలి. ఈ ఏడు దాటితే వయసు మించిపోయిందంటారు.

ఎనభై ఆరు వేసవిలో చెంచురామయ్య గారు సెలవులకొచ్చారు. సెలవులోంచి సెలవులకు! ఖమ్మంలో సన్మానం జరిగింది. శాలువా కప్పుకుని, జాంబియాలో చదువుకిచ్చే విలువ గురించి గంటసేపు మాట్లాడారు. అంతలో, సారు వచ్చాడని విని బస్సెక్కొచ్చిన భీమక్క, కూతుర్ని వెంటబెట్టుకుని వేదిక దగ్గరికొచ్చింది.

"సారూ, బడి అలికి పెట్టినం. ఎప్పుడొస్తున్రు?"

అభిమానురాలనుకుని ఆయన మురిసిపోయారు. "ఏ ఊరమ్మా మీది?"

"మీ బడి ఉన్న ఊరే సారూ. చింతగుంపు."

ఆయన శాలువా సర్దుకున్నారు. "నాకింకా లీవుంది కదమ్మా!"

"గట్లనా! మరి గా దేశంల పంతులు సెలవు పెడితే పిల్లలనేం జేస్తరు సారూ?"

హమ్మయ్య, తెలిసిన ప్రశ్నే! చెంచురామయ్య గారు మళ్లీ మైకందుకున్నారు. "అక్కడ అలా ఊరుకోరమ్మా! వారం తిరక్కుండా ఇంకొకరిని వేస్తారు. పిల్లల భవిష్యత్తు కదా!"

హాలంతా చప్పట్లు. అవి ఆగేదాకా భీమక్క నిలబడింది.

"మేం గూడ పిల్లలనే కన్నం సారూ."

మైకు చేతిలోనే ఉంది. చెంచురామయ్య గారు దాన్ని పక్కనున్నాయనకు అందించి, శాలువా మళ్లీ సర్దుకున్నారు. తల్లీకూతుళ్లు చివరి బస్సుకు వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా ఆయన సెలవు ఇంకో మూడేళ్లు పొడిగించారు. గోరి ఆ ఏడే మిరపతోటలో కూలికి కుదిరింది.