సగానికి దించిన జెండా

ఆ శనివారం పొద్దున నోయెలీన్ పెట్టుకున్న పని ఒక్కటే. గోడ మీది అక్క పర్ల్ ఫోటో తీసి బీరువాలో పడేయాలి, ఆపైన టీ తాగాలి. రెడ్‌ఫర్న్‌లో వాళ్ళుండే పాత సర్కారు అపార్ట్‌మెంట్ల టవర్‌ని కూల్చేస్తారట. ఊరి చివరెక్కడో ఇల్లిస్తామని సర్కారువాళ్ళు అనగానే పర్ల్ సంతకం పెట్టేసింది. సోమవారమే ప్రయాణం. ఇన్నేళ్ళూ అవే మెట్లు ఎక్కి దిగిన చెల్లెలికి మాటమాత్రమైనా చెప్పలేదు. నోయెలీన్‌కి కోపం కన్నా దుఃఖమే ఎక్కువ. కానీ అది పైకి కనపడనిస్తే ఆమె నోయెలీనే కాదు.

టీ మరగకముందే, వరసకు బావైన క్లారీ చక్కెర కోసం వచ్చాడు. గోడ మీది ఖాళీ చోటు చూసి నిలబడిపోయాడు.

"పర్ల్ ఫోటో ఏదే?"

"ఆ పేరు నా ఇంట్లో ఎత్తకు బావా!" అంటూనే ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

క్లారీ టోపీ తీసేశాడు. మా ఆదివాసుల్లో పోయినవాళ్ళ పేరు ఎత్తరు, ఫోటో కనపడనివ్వరు. ఇక వేరే చెప్పాలా?

"ఎప్పుడే?"

"నిన్ననే తెలిసింది. నాకొక్క ముక్క చెప్పలేదు, రాక్షసి!"

"ఎవరు మాత్రం చెప్పి పోతారే, పిచ్చిదానా," అని ఆమె తల నిమిరి, చక్కెర సంగతి మర్చిపోయి బయటపడ్డాడు.

రెండంతస్తుల కింద పర్ల్ తలుపు కొట్టాడు. ఆమె కొత్త ఇంటి తాళాలు తెచ్చుకోవడానికి వెళ్ళింది, పలికేదెవరు? ఇంకేం కావాలి! నేరుగా సంఘం భవనానికి పోయి మా నలుపు, ఎరుపు, పసుపు జెండాని సగానికి దించాడు. ఎవరు పోయారని అడిగినవాళ్ళకి, "నోయెలీన్ ఇంట్లో," అని పైకిటికీ వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

మధ్యాహ్నానికి సాసేజ్ కూర, రొట్టెలు, కంగారూ తోక పులుసుతో ఇల్లు నిండిపోయింది. వచ్చినవాళ్ళు గోడ వంక చూడడం, ముక్కు చీదడం, నోయెలీన్‌ని కావలించుకోవడం. ఒక్క తగాదాకి ఇంతమంది నా పక్షమా అని ఆమె లోలోపల ఉబ్బిపోయింది.

అంతలో పాస్టరుగారు, "ఏ పాటలు పాడమంటావమ్మా? మోరీ ఊరి నుంచి మీ చుట్టాలు బస్సు మాట్లాడుకుని బయల్దేరారట," అన్నాడు.

తగాదాకి పాటలేమిటి? నోయెలీన్ నోరు తెరిచేలోగా తలుపు దభాలున తెరుచుకుంది.

పర్ల్! మెట్లెక్కి రొప్పుతోంది. "తప్పుకోండ్రా! గేటు దగ్గర పిల్లలు చెప్పారు. దీని ఇంట్లో ఇది తప్ప ఇంకెవరున్నారు పోవడానికి? నా చెల్లెలు ఏదీ?"

క్లారీ చేతిలో కప్పు జారి పగిలింది. పర్ల్‌కి కుర్చీలో పులుసు గిన్నెతో చెల్లెలు కనిపించింది.

"బతికే ఉన్నావుటే!"

"నువ్వూ ఉన్నావుటే!"

ఇద్దరూ కావలించుకుని భోరుమన్నారు. "చెబితే ఏడుస్తావని చెప్పలేదే," అంది పర్ల్.

"చెప్పకపోతే నవ్వుతాననుకున్నావా?"

ఫోటో మళ్ళీ గోడకెక్కింది. ఆదివారం మోరీ బస్సు రానే వచ్చింది. శవపేటిక మోద్దామని వచ్చినవాళ్ళు సోమవారం పర్ల్ మంచం, సోఫా మోసి వ్యానులోకి ఎక్కించారు. వ్యాను మలుపు తిరిగాక కూడా నోయెలీన్ గేటు దగ్గర నుంచి కదలలేదు.

క్లారీకి అప్పుడు గుర్తొచ్చింది. "జెండా అలాగే ఉండిపోయిందే. పైకి లాగెయ్యనా?"

"ఉండనీ బావా," అంది నోయెలీన్. "నువ్వు కాస్త ముందుగా దించావు, అంతే."