రాంచందర్ మొహరుకు ఇద్దరు సాక్షులు

రాంచందర్ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తాలూకా కచేరికి పోవాలి, కొత్త సనదు పత్రం తెచ్చుకోవాలి, భార్య లక్ష్మీబాయి చేసే జొన్నరొట్టె చల్లారకముందే ఇల్లు చేరాలి. సిద్దిపేట జనం రాయించుకున్న కాగితాలను సాక్షుల ఎదుట చదివించి, నిజమేనని మొహరు వేసే అధికారం నిజాం సర్కారు ఇచ్చిన ఆ సనదుతోనే వస్తుంది. తాలూకాలో అలాంటి మొహరు ఇంకెవరి దగ్గరా లేదు. పాత సనదు గడువు నిన్నటితో తీరింది. కొత్తది రాకపోతే ధూళిమిట్ట పోయి అన్న పొలంలో పనిచేయాలి. అన్న నోరంటే రాంచందర్‌కు మహా భయం.

కొత్త సనదు కావాలంటే, మనిషి మంచివాడని ఇద్దరు వచ్చి చెప్పాలి. చెప్పులు తొడుక్కుంటూ ఎదురింటి సాంబయ్యను పిలిచాడు.

"సాంబయ్యా, జర కచేరికొచ్చి నేను మంచోన్నని చెప్పాలె. మేస్త్రీ యోబును గూడ తోల్కరా."

"ఏమైంది పటేలా?"

"గాడికొచ్చినంక చెప్త."

తనను పొగడమని అడగడం రాంచందర్‌కు సిగ్గు. తల వంచుకుని గబగబా వెళ్లిపోయాడు. సాంబయ్యకు తెలిసినంతలో, కచేరిలో మంచివాడనిపించుకోవాల్సిన అవసరం పోలీసులు పట్టుకున్నవాడికే వస్తుంది. కిందటేడు మేకల దొంగతనంలో ఇరుక్కున్న బావమరిది కోసం తను పోయి చెప్పింది కూడా ఆ మాటే.

"యోబూ, పటేల్ను పట్టుకున్నరు. దొంగ కాయితం మీద మొహరేసిండట!" అన్నాడు మేస్త్రీ ఇంటికి పోయి.

"ఎవరు చెప్పిన్రు?"

"చెప్పుడెందుకు? ఆయనకున్నదే మొహరు. ఇంకేం తప్పు చేస్తడు?"

యోబు తాపీ కింద పెట్టి లేచాడు. ఇసుక జల్లిస్తున్న ఆయన భార్య లచ్చవ్వ అంతా విని లక్ష్మీబాయి దగ్గరికి పరుగెత్తింది.

"సనదు కోసం పోయిన్రు, ఇంకేం లేదు" అని లక్ష్మీబాయి నవ్వింది.

"నువ్వు బుగులు పడ్తవని గట్ల చెప్పిండమ్మా."

లక్ష్మీబాయి నవ్వు ఆగిపోయింది. రొట్టెలు మూటకట్టి, గొంగడి చంకన పెట్టుకుంది.

కచేరిలో తహశీల్దారు పోయిన వారమే బదిలీ మీద వచ్చినవాడు. ఒకసారి రాయించిన కాగితాన్ని చింపే అలవాటు ఆయనకు లేదు.

"ఈయన మొహరు పని ఎట్ల చేస్తడు?" అని సాంబయ్యను అడిగాడు.

"మొహరా? గా చేతుల మొహరు నేనెన్నడు చూడలే హుజూర్!"

సాంబయ్యకంటే తక్కువ చెబితే బాగుండదని యోబు ముందుకు వచ్చాడు. "మూడేండ్ల సంది జరంతోని మంచంలనే ఉన్నడు. కచేరి తొవ్వ గూడ ఎరుగడు."

రాంచందర్ సైగ చేస్తూ గట్టిగా దగ్గాడు.

"సూడున్రి, ఇంక దగ్గు తగ్గలే" అన్నాడు యోబు.

అప్పుడే లక్ష్మీబాయి వచ్చింది. "జైల్ల చలి పెడ్తదని గొంగడి తెచ్చిన" అంటూ కళ్లు తుడుచుకుంది. తనకోసం ఇంతమంది ఇంత దూరం వచ్చారని రాంచందర్‌కు సంతోషం వేసింది. వచ్చినవాళ్లు నోరు తెరవకుండా ఉంటే ఇంకా సంతోషించేవాడు.

"మూడేండ్లు పనే చెయ్యనోనికి సనదెందుకు? ఇయ్యను" అన్నాడు తహశీల్దారు. "వీళ్ల సాక్ష్యం రాసి పైకి పంపు."

ముసలి గుమాస్తా రాసి, వేలిముద్రలు తీసుకుని, మెల్లగా అన్నాడు. "పైకి పోవాలంటే దీని మీద మొహరు పడాలె హుజూర్."

"వేయించు."

"తాలూకాల మొహరు ఈయనదొక్కటే. సనదు లేకుంటే చెల్లది."

తహశీల్దారు కాగితాన్ని చూశాడు, రాంచందర్‌ను చూశాడు, లక్ష్మీబాయి చంకలోని గొంగడిని కూడా చూశాడు. చివరికి కలం తీసి కొత్త సనదు మీద సంతకం చేశాడు.

రాంచందర్ పద్ధతి ప్రకారం సాక్ష్యం పైకి చదివి, "ఇది మీరు చెప్పిందేనా?" అని సాక్షులను అడిగాడు.

"మేం చెప్పిందే పటేలా. ఇడిచిపెట్టిన్రా మరి?" అన్నాడు యోబు.

పైకి పోయిన కాగితానికి జవాబు వచ్చేసరికి మామూలుగా ఒక సనదు గడువే తీరిపోతుంది. అందుకని రాంచందర్ ధూళిమిట్ట సంగతి మరిచిపోయి, మొహరును సిరాలో అద్దాడు. కొత్త సనదు కింద ఆయన వేసిన మొదటి మొహరు, తాను ఎన్నడూ మొహరు పట్టలేదన్న సాక్ష్యం మీదే పడింది.